సంచిలో సంచులు

మా హాస్టల్లో నన్ను 'సర్దుబాటు శాస్త్రి' అంటారు. ఇది శాలువా కప్పి ఇచ్చిన బిరుదు కాదు. మెస్సులో సాంబారు గరిటె పుచ్చుకుని మా వింగు వాళ్ళు తగిలించినది. అందుకు కారణం 2024 నవంబరులో నేను చేసిన ఒకానొక కొనుగోలు. ఆరువందల చిల్లర పోసి ఆరు గుడ్డ సంచులు కొన్నాను. వాటిని ప్యాకింగ్ క్యూబ్స్ అంటారు.

"సంచిలో పెట్టుకోటానికి సంచులా? రేపు చెప్పుల్లో తొడుక్కోటానికి చెప్పులు కొంటాడు వీడు" అన్నాడు ఎదురు రూము సీనియరు. "చీరల షాపు వాళ్ళు జిప్పు కవర్లు ఊరికే ఇస్తుంటే ఇంత డబ్బెందుకురా?" అన్నాడు ఇంకొకడు. వీటివల్ల ఉపయోగం వుందా లేదా అన్న చర్చ మా వింగులో మూడు రాత్రులు జరిగింది. అందరూ మాట్లాడారు, ఎవరూ తేల్చలేదు. చివరకు తేల్చింది ఒక రైలు ప్రయాణం. ఆ సంగతి దాచుకోకుండా రాద్దామనే ఈ వ్యాసం.

ముందు ఆ సంచులెలా వుంటాయో చెప్పాలి. దిండు గలేబుకి జిప్పు కుట్టినట్టుంటాయి. పల్చటి నైలాను గుడ్డ, పైన దోమతెరలాంటి జాలీ, మూడు వైపులా తిరిగే జిప్పు, పట్టుకోటానికి ఒక చిన్న పిడి. బట్టల్ని మడిచో చుట్టలు చుట్టో వీటిలో పెట్టి, వీటిని బ్యాగులో ఇటుకల్లా పేర్చాలి. చొక్కాలొక దాంట్లో, ప్యాంట్లొక దాంట్లో, లోపలి బట్టలు, తువ్వాళ్ళు ఇంకోదాంట్లో. కొలతలు తేడాగా వుండే సెట్లు కూడా దొరుకుతాయి. నేను మాత్రం ఆరూ ఒకే కొలత, ఒకే నీలిరంగు వున్న సెట్టు ఏరుకున్నాను. పక్కపక్కన పేరిస్తే చూడముచ్చటగా వుంటాయని. ఈ ముచ్చటే తర్వాత నా కొంప ముంచబోయింది.

మొదటి నెల మాత్రం నాకు వాటిమీద వల్లమాలిన ప్రేమ. హాస్టలు రూములో ఇద్దరికీ కలిపి ఒక్క గోడబీరువా. అందులో నా వాటా రెండు అరలు. అంతకుముందు ఆ అరల్లో ఒక చొక్కా లాగితే నాలుగు చొక్కాలు కిందపడేవి. ఇప్పుడు సొరుగు లాగినట్టు ఒక సంచి లాగుతాను, కావలసింది తీసుకుంటాను, మళ్ళీ తోసేస్తాను. ఇంటికి వెళ్ళాలంటే ఆ సంచుల్నే తీసి బ్యాగులో పడేస్తే అయిదు నిమిషాల్లో ప్రయాణం సిద్ధం. ఇంట్లో బ్యాగు తెరిచినప్పుడు అమ్మ ముక్కు మూసుకోవటం కూడా తగ్గింది. మాసిన బట్టలకొక సంచి విడిగా వుంది కాబట్టి అవి మంచి బట్టలకి తమ సువాసన అంటించటం మానేశాయి.

ఒక రోజు ఉత్సాహం పట్టలేక ఓ పరీక్ష కూడా చేశాను. అయిదు రోజులకు సరిపడే బట్టలు ఒకసారి సంచుల్లేకుండా, ఒకసారి సంచులతో అదే బ్యాగులో సర్దాను. నిజం చెప్పాలంటే, మిగిలిన చోటులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. పైగా మా బ్యాగు అడుగు గుండ్రం, ఈ సంచులు నలుచదరం; మూలల్లో ఖాళీలు మిగిలాయి. వాటిలో సాక్సులు కుక్కాల్సివచ్చింది. హాస్టలు ఎదుటి కొట్టు కాటామీద ఖాళీ సంచులు తూచాను. ఆరూ కలిపి అరకిలోకి కాస్త తక్కువ. అంటే బరువు తగ్గకపోగా ఒక జత ప్యాంటు బరువు పెరిగిందన్నమాట.

వీటిలో ఇంకో జాతి వుంది. చుట్టూ రెండో జిప్పు వుంటుంది. అది లాగితే సంచి నొక్కుకుపోయి సగం మందమవుతుంది. కొన్నవాళ్ళు దాన్ని చూసి సామాను తగ్గిందని సంబరపడతారు. పోయింది గాలే గాని బట్టలు కావు. ఆ మిగిలిన చోటులో ఇంకో నాలుగు జతలు కుక్కుతారు. రైల్లో అయితే ఫరవాలేదు. స్లీపరు క్లాసులో మనిషికి 40 కిలోలు, సెకండు క్లాసులో 35 కిలోలు ఉచితంగా తీసుకుపోవచ్చని నిబంధన. మన జాతి అంతా ఆ నిబంధన గురించి తెలియకుండానే బతికేస్తోంది. విమానం దగ్గరే చిక్కు. దేశం లోపల తిరిగే మామూలు టికెట్లకి సాధారణంగా పెట్టెకి 15 కిలోలు, చేతిసంచికి 7 కిలోలు. అమెరికా వెళ్ళేవాళ్ళకి పెట్టె ఒక్కింటికి చాలావరకు 23 కిలోలు. అక్కడ కాటా చూసేది బరువును గాని మడతల అందాన్ని కాదు. మా బాబాయి కొడుకు పై చదువుకు వెళ్ళినప్పుడు విమానాశ్రయంలో అందరూ చూస్తుండగా పెట్టె విప్పి, ఆవకాయ డబ్బా తియ్యాలా ప్రెషరు కుక్కరు తియ్యాలా అని పిన్ని తల పట్టుకుంది. సంచులు వున్నా లేకపోయినా ఆ తగువు తప్పేది కాదు.

ఇంతవరకూ వచ్చిన ఫలితాలు ఇవి: చోటు కలిసిరాదు, బరువు తగ్గదు, వెతుకులాట తగ్గుతుంది. వెతుకులాట తగ్గటమే గొప్ప అనుకున్నాను. ఆ ధీమాతోనే డిసెంబరులో ఫీల్డుకి బయల్దేరాను.

మాది జియాలజీ. ఎమ్మెస్సీ వాళ్ళకి ఏటా ఫీల్డు టూరు వుంటుంది. మా బ్యాచికి ఆసారి కడప ప్రాంతం వచ్చింది: వేంపల్లె చుట్టుపక్కల డోలమైటు రాళ్ళు, మంగంపేటలో బెరైటీస్ గని. మొత్తం పది రోజులు. సుత్తి, దిక్సూచి, భూతద్దం, నోటుపుస్తకం, టోపీ, బూట్లు, బట్టలు, దుప్పటి. ఇలాంటి ప్రయాణానికి సర్దటం నావంటి శాస్త్రికి పండగే. నావి సర్దుకోవటంతో నా తృష్ణ తీరలేదు. "నీవి కూడా ఇటివ్వరా, రెండు బ్యాగులెందుకు, ఒక్కదాంట్లో పట్టిస్తాను" అని మా రూమ్మేటు మీద పడ్డాను.

వాడికి చిన్నప్పట్నించీ ఉబ్బసం. చలికాలంలో ఎక్కువ. ఎప్పుడూ ఒక నీలిరంగు ఇన్‌హేలరు దగ్గరుంచుకుంటాడు. అదొక్కటీ చేతిలో పట్టుకుని, "ఇది నా జేబులో వుంచుకుంటాలే" అన్నాడు.

"జేబులో వుంటే బెర్తుమీద పడుకున్నప్పుడు జారిపోతుంది. మందులకని విడిగా ఒక సంచి పెట్టాను. జ్వరం బిళ్ళలు, బ్యాండేజి, నీ ఇన్‌హేలరు అన్నీ ఒకచోటే వుంటాయి. అడిగిన క్షణంలో తీసిస్తాను" అన్నాను.

వాడు మంచివాడు. నా మాట విని ఇచ్చేశాడు.

మధ్యాహ్నం విశాఖపట్నంలో రైలెక్కాం. బ్యాగు కింది బెర్తు కిందకి తోసి, గొలుసు చుట్టి తాళం వేశాను. పాటలు, పేకాట, పులిహోర పొట్లాలు, సామర్లకోటలో టీ, విజయవాడలో భోజనం. పదింటికి లైట్లార్పి పడుకున్నాం.

నెల్లూరు దాటాక ఒంటిగంట ప్రాంతంలో నాకు మెలకువ వచ్చింది. ఎవరో రంపంతో సన్నగా కర్ర కోస్తున్నట్టు చప్పుడు. కొంతసేపు రైలు చప్పుడే అనుకున్నాను. కిందికి చూస్తే వాడు బెర్తుమీద లేచి కూచుని, రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి, ముందుకి వంగి వూపిరి తీస్తున్నాడు. తీస్తున్నాడు గాని అందటం లేదు. నాకేసి చూసి చెయ్యి చాపాడు. మాట రాలేదు.

దూకాను. గొలుసు తాళంచెవి ఏ జేబులో పెట్టానో చేతికి తగలదు. దొరికింది, చీకట్లో కన్నం దొరకదు. బ్యాగు లాగాను, జిప్పు తీశాను. లోపల ఆరు సంచులు. ఒకే కొలత, ఒకే రంగు, చేత్తో తడిమితే ఒకే నైలాను. మందులది పైనే పెట్టానని గుర్తు. పైనున్నది విప్పితే సాక్సులు. రాత్రి తువ్వాలు తీసుకున్నప్పుడు వరస మార్చేశాను, ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రెండోది వాడి చొక్కాలు. మూడోది నా చొక్కాలు. చేతులు వణికి జిప్పు గుడ్డలో ఇరుక్కుంది. "ముందు లైటెయ్యి బాబూ!" అని పక్కబెర్తు పెద్దావిడ అరిచింది. ఆ చిన్న విషయం కూడా నాకు తట్టలేదు. ఆవిడే లేచి స్విచ్చి వేసి, వాడి పక్కన కూచుని, "కంగారుపడకు నాయనా, నెమ్మదిగా వదులు, నెమ్మదిగా" అంటూ వీపు పట్టుకుంది. నేను ఇక లెక్కా వరసా మాని బ్యాగు మొత్తం నేలమీద బోర్లించాను. అయిదో సంచిలో వుంది ఇన్‌హేలరు. బ్యాండేజి చుట్ట పక్కన ఎంతో క్రమశిక్షణగా పడుకుని వుంది.

వాడు దాన్ని వూపి, నోట్లో పెట్టుకుని ఒకసారి, కొంచెం ఆగి ఇంకోసారి పీల్చాడు. కాసేపటికి ఆ రంపం చప్పుడు సన్నగిల్లింది. భుజాలు కిందికి దిగాయి. ఇదంతా ఎంతసేపు జరిగిందో చూసుకోలేదు. తర్వాత ఆలోచిస్తే, వెతుకులాట మూడు నాలుగు నిమిషాలకి మించి వుండదు. ఆ మూడు నాలుగు నిమిషాలు వాడికి ఎంత పొడుగో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. తెల్లారేదాకా ఇద్దరం కిటికీ పక్క కూచున్నాం. చుట్టూ నా శాస్త్రమంతా చెల్లాచెదరై నేలమీద పడివుంది. ఎత్తి సర్దబుద్ధి కాలేదు.

పొద్దున టీ తాగుతూ అన్నాడు: "మందులన్నీ ఒకచోట వుండటం మంచిదేరా. కాకపోతే నేను ఇంకోచోట వున్నాను."

వాడు నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. నిజంగా ఆ రాత్రి తప్పు ఆ సంచులది కాదు. జేబులో వుండవలసిన వస్తువుని సంచిలో పెట్టించింది నా గొప్ప. సర్దటమంటే చూడటానికి బాగుండటం అనుకున్నాను. అవసరం వచ్చినప్పుడు చేతికి అందటం అని అనుకోలేదు.

ఫీల్డులో ఇదే పాఠం మళ్ళీ ఇంకోవిధంగా చెప్పించుకున్నాను. వేంపల్లె దగ్గర స్ట్రొమటొలైట్లు చూశాం. 150 కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ రాళ్ళలో, లోతులేని నీళ్ళలో బతికిన సూక్ష్మజీవుల పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకుని, క్యాబేజీ కోసినట్టు కనబడతాయి. ముక్కలు కొట్టి ఒక్కోదాన్ని ఒక్కో చిన్న గుడ్డ సంచిలో వేసి నాడా బిగించాం. జియాలజీ వాళ్ళకి సంచుల్లో సంచులు కొత్తకాదని నాకప్పుడే తట్టింది. నేనొక ముక్కకి నంబరు వెయ్యకుండా సంచిలో వెయ్యబోతే మా మేష్టారు పట్టుకున్నారు. "ఎక్కడ కొట్టావో రాయకపోతే ఇంటికెళ్ళాక ఇది వుత్త రాయి. నంబరుంటేనే శాంపిలు. రాయిమీదా వెయ్యి, సంచిమీదా వెయ్యి, పుస్తకంలోనూ రాయి" అన్నారు. నా ఆరు నీలి సంచులకి లేనిదేమిటో అక్కడ తెలిసింది. వాటికి గుర్తు లేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు బ్యాగు విప్పుతుంటే నాయనమ్మ వచ్చి పక్కన కూచుంది. ఒక సంచి చేతిలోకి తీసుకుని గుడ్డ నలిపి చూసింది. జిప్పు అటూ ఇటూ లాగింది.

"మూటలే కదట్రా ఇవి?"

"మూటలే నాయనమ్మా."

"బాగున్నాయి. మరి ఆరూ ఒకటే రంగయితే చీకట్లో ఎలా తెలుస్తుంది?"

మూడు రాత్రులు మా వింగంతా కలిసి వాదించినా ఎవరికీ తోచని ప్రశ్న అది. అప్పుడు నాకు 2015 జులై గుర్తొచ్చింది.

ఆ ఏడు గోదావరి పుష్కరాలకి నాయనమ్మ, అమ్మ, నేను రాజమండ్రి వెళ్ళాం. గోదావరికి పుష్కరం 12 ఏళ్ళకోసారి, వుండేది 12 రోజులు. నాకప్పుడు పదకొండేళ్ళు. నాయనమ్మ ఒక రేకుపెట్టె తెచ్చింది. అందులో అన్నీ పాతచీర ముక్కల మూటలు. పూజ సామాను ఒకటి, మడి బట్టలు ఒకటి, మా బట్టలు ఒకటి, అటుకులు జంతికలు ఒకటి, మందులు ఒకటి. తడిబట్టలకని ఉతికిన యూరియా సంచి విడిగా మడతపెట్టి వుంది. మేము ఒక కల్యాణ మంటపంలో వందలమంది మధ్య చాపమీద పడుకున్నాం. అర్ధరాత్రి నాకు కడుపునొప్పి, వాంతి. అమ్మ లైటు కోసం లేవబోతే, "అందర్నీ లేపకు" అని నాయనమ్మ పెట్టె మూత కాస్త ఎత్తి లోపలికి చెయ్యి పెట్టింది. ఒక్క మూట తీసింది. అదే మందుల మూట. వాము నలిపి నోట్లో వేసింది, అమృతాంజనం పొట్టకి రాసింది. అప్పటికి ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాలు. పగలే సరిగా ఆనేది కాదు.

"ఎలా తెలిసింది నాయనమ్మా అప్పుడు?" అని ఇప్పుడు అడిగాను.

"ముడులురా. బట్టలకి ఒక ముడి, మందులకి రెండు, పూజకి మూడు. డబ్బులు మాత్రం మూటలో పెట్టను."

"మరెక్కడ?"

"బొడ్లో" అంది, అదీ అడగాలా అన్నట్టు.

ఆ సాయంత్రం నాయనమ్మ పాతచీర అంచు చింపి ఇచ్చింది. ఒక సంచి జిప్పుకి ఒక ముడి పేలిక, ఇంకోదానికి రెండు ముడులది, అలా కట్టాను. మందుల సంచికి రెండు ముడులు. ఆ సంప్రదాయం మార్చలేదు. హాస్టలుకి తిరిగొచ్చాక మా వాళ్ళు చూసి, "శాస్త్రిగారు సంచులకి తాయెత్తులు కట్టించారు" అన్నారు. అననీ.

మిత్రులడిగితే ఇప్పుడు నా అభిప్రాయం ఇది. ఒక్క రాత్రికి ఊరెళ్ళి వచ్చేవాడికి ఈ సంచులక్కర్లేదు. రోజుకో ఊళ్ళో బసచేసేవాళ్ళకి, ఒకే పెట్టెలో నలుగురి బట్టలు సర్దే అమ్మలకి, బీరువా వాటా చాలని హాస్టలు వాళ్ళకి ఇవి నిజంగా పనికొస్తాయి. కొనాలనీ లేదు, దిండు గలేబులు, చీరల కవర్లు, నాడా సంచులు అదే పని చేస్తాయి. కొంటే మాత్రం రంగులు, కొలతలు తేడాగా వున్నవి కొనండి. బరువు తగ్గుతుందని ఎవరన్నా నమ్మకండి. విమానంలో వెళ్ళేటప్పుడు పవరు బ్యాంకు పెద్ద పెట్టెలోని సంచిలో పెట్టకండి, దాన్ని చేతిసంచిలోనే తీసుకెళ్ళాలి. ఎంత బాగా సర్దినా, లేకపోతే ప్రాణంమీదికొచ్చే వస్తువేదో ముందు తేల్చుకుని దాన్ని సర్దకుండా వదిలెయ్యండి.

మొన్న మళ్ళీ ఇద్దరం కలిసి ఊరెళ్ళాం. బ్యాగు నేనే సర్దాను. వాడు తన బట్టలన్నీ తెచ్చి మంచంమీద పడేశాడు. "ఇంకేమైనా వుందా?" అని అడిగాను. వాడు చొక్కా జేబుమీద చెయ్యి వేసుకుని, "ఇది తప్ప" అన్నాడు.

సరే అని జిప్పు వేశాను.